ఆదివారం లిస్టు

ఆదివారం మధ్యాహ్నం. గోదావరిఖనిలో దవాఖాన ఎదుటి నెట్ సెంటర్. కంప్యూటర్ ముందు శాంతిరాజ్, వెనుక నిలబడి అతని అక్క కెరోలిన్.

"ఇంకొకలకు చెయ్యి తమ్మీ. నాలుగ్గంటల లోపల ఓ నెగెటివ్ రక్తం తేకుంటే కష్టమన్నడు డాక్టరు. చెల్లె మొఖం తెల్లగైంది."

"చేసిన అక్కా. పదకొండు మందికి. అందరివి స్విచాఫే."

"ఆదివారం ఇంట్లనే ఉంటరని నీ సాఫ్టువేరే చెప్తుంది గదా? రక్తమిచ్చేటోళ్లు ఎవరు ఏ షిఫ్టో, ఎప్పుడు ఇంట్ల ఉంటరో అని ఊరంత చూపెడ్తివి."

"చెప్తుంది... ఉండు."

"ఏంది ఉండు? నాకు కనపడకుండ ఏం మూస్తున్నవ్? తియ్యి."

"ఏం లేదక్కా. నా సాఫ్టువేర్ వాడేటోళ్ల గ్రూపుల ఎవడో రాసిండు. పాతది."

"సదువు."

"'తమ్ముడూ, మంచి పని చేసినవ్. ఒక్క తప్పున్నది. బొగ్గుబాయిల దిగేటోళ్లకు ఆదివారం సెలవు. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టుల మాకు ఒక్కొక్కలకు ఒక్కో దినం. ఆదివారం డ్యూటీల ఉంటం, ఫోన్లు లోపలికి పోనియ్యరు. ఎవరికి ఏ దినం సెలవో రాసిపెట్టిన. అడుగు, పంపుత. ఇట్లు ఆగయ్య, డంపర్ ఆపరేటర్.'"

"మరి అడుగకపోతివా?"

"బాపు ముప్పై ఏండ్లు బాయిల దిగిండు, ఆదివారం సెలవని నాకు తెల్వదా అనుకున్న."

"అనుకుంటివా, రాస్తివా?"

"...రాసిన. 'డంపర్ నడుపుకునేటోనివి, సాఫ్టువేర్ సంగతి నీకేం ఎరుక? ఇష్టముంటే వాడు, లేకుంటే బందు చెయ్యి' అని."

"అయ్యో ప్రభువా! గంతమంది సూస్తుంటెనా?"

"సూసి నవ్విండ్రు గూడ."

"ఇప్పుడు రాయి. జల్ది."

"ఏమని? 'ఆగయ్య గారూ, అప్పుడు పని ఒత్తిడిల ఉండి...'"

"ఒత్తిడి తీసెయ్."

"'మీరు ఇంకొంచెం వివరంగ చెప్పుంటే...'"

"చెంప పగులుతది! తప్పు నాది అని రాయి. మీరన్నది నిజమని రాయి. అందరు సూసే కాడ్నే రాయి."

"అక్కరకొచ్చి కాళ్లు వట్టుకుంటుండు అనుకుంటడక్కా."

"అనుకోనీ. వట్టుకునుడు కాదా మరి? అదే రాయి."

"'ఆగయ్య కాకా, తప్పు నాదే. మంచికి చెప్తే నలుగురిల మిమ్ముల చిన్నజేసిన. ఇయ్యాల నా లిస్టు నమ్ముకొని నేనే మోసపోయిన. మా చెల్లె ఎవాంజెలిన్ గోదావరిఖని దవాఖానల ఉన్నది. ఓ నెగెటివ్ కావాలె, నాలుగ్గంటల లోపల. ఇయ్యాల ఎవరికి సెలవో చెప్పుండ్రి.' పంపిన."

"టైమెంత?"

"మూడుంబావు."

"సూడు."

"రాలేదు."

"మళ్ల సూడు."

"రాలేదక్కా... ఆగు. వచ్చింది. నువ్వే సదువు. నాతోని కాదు."

"జరుగు. 'ఇప్పుడే డ్యూటీ దిగి ఫోన్ సూసిన. నర్సింగానిది ఓ నెగెటివే, ఇయ్యాల సెలవు. బండి మీద ఎక్కించుకొని బయలెల్లుతున్న. ఇరవై నిమిషాలల్ల ఉంటం. ఫికర్ చెయ్యకు బిడ్డా. మొన్నొక ఆదివారం నీ లిస్టు వట్టుకొని గదే దవాఖానల రక్తం కోసం పొద్దంత ఫోన్లు కొట్టిన. మా ఇంటామె సారవ్వ పోయినంకనే నీకు రాసిన.'"