పెద్దక్క చేతి ముద్ద

నా పేరు, చిరునామా స్టేషను రైటరుగారు పైన రాసుకున్నారు. ఇంటా బయటా అందరూ నన్ను పెద్దక్క అంటారు. వయసు నలభై ఆరు. దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి గుండీలు వేయడం నా వృత్తి. పెళ్లి కాలేదు. చనిపోయినది నా సొంత చెల్లెలు.

చెల్లికి చాలాకాలంగా కీళ్లవాతం. ఈ ఎండాకాలం మొదట్లో మంచం దిగలేని స్థితి వచ్చింది. డాక్టరు మందు మోతాదు పెంచారు. మరిది, అంటే చెల్లి భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పొద్దున వెళితే రెండు పూటలా బయటే తింటాడు. నేను దుకాణంలో సెలవు అడిగి వాళ్లింటికి వెళ్లాను. వంట నేనే చేశాను. చెల్లి వేళ్లు ముడుచుకోవు కాబట్టి నేనే కలిపి తినిపించాను. అదే గిన్నెలో మిగిలింది నేను తిన్నాను. వండే ముందు చేతులు కడుక్కున్నాను. తినిపించే ముందు చేతులు కడుక్కున్నాను.

"నీ చేతి ముద్ద పడితేగానీ ప్రాణం లేచిరావడం లేదక్కా" అనేది చెల్లి. నాకు గర్వంగా ఉండేది. అది కూడా రాయండి.

కొన్ని వారాలకు ఆమెకు విరేచనాలు మొదలయ్యాయి. తర్వాత నెత్తురు పడింది. మందుల వేడి అనుకున్నాం.

"కడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది, ఇంక వద్దక్కా" అంది.

"తినకపోతే ఓపిక ఎక్కణ్ణించి వస్తుందే? ఇదొక్కటీ తిను" అన్నాను.

తింది. నా మాట కాదనలేక తింది.

మర్నాడు ఉదయానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో పేగుకు చిల్లులు పడ్డాయని ఆపరేషన్ చేశారు. చెల్లి మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆసుపత్రి వరండాలో అందరి ముందూ మరిది నా భుజాలు పట్టుకుని కుదిపాడు. "నేను బయట తిన్నాను, బాగున్నాను. అది నీ వంట తిని పోయింది. అదే గిన్నెలో తిన్న నువ్వు మాత్రం గుండ్రాయిలా ఉన్నావు. ఏం కలిపావు వదినా?" అన్నాడు. ఆ సాయంత్రమే ఫిర్యాదు ఇచ్చాడు. అతన్ని తప్పుపట్టను.

పోస్టుమార్టంలో విషం లేదని తేలింది. చెల్లి పేగులో అమీబాలు ఉన్నాయన్నారు. మా ఇద్దరికీ పరీక్ష చేశారు. మరిదికి లేవు. నాకు ఉన్నాయి.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఒకే ఒక్క కణం ఉండే క్రిములమ్మా ఇవి. కంటికి కనపడవు. నీ పేగులో ఎన్నాళ్లుగా ఉన్నాయో ఏమో, నిన్నేం చేయలేదు. మీ చెల్లి వాడే కీళ్ల మందు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. అందుకే ఆమెలో పేట్రేగిపోయాయి."

చేతులు కడుక్కున్నానండీ అన్నాను. మళ్లీ అన్నాను. ఆవిడ నా చేతులు తిప్పి చూసింది. దారం లాగడానికి నేను కుడి బొటనవేలి గోరు పెంచుతాను. ఆ గోటి కింద చూసింది.

"నా చేతి నుంచే వెళ్లాయా?" అని అడిగాను.

"నీళ్లలో నుంచీ రావచ్చు. నీ నుంచే అని చెప్పలేను."

"నా నుంచి కాదని చెప్పగలరా?"

"అదీ చెప్పలేనమ్మా."

మాత్రలు ఇచ్చారు, వాడాను. ఇప్పుడు నాలో ఏమీ లేవన్నారు.

నిన్న మరిది మా దుకాణానికి వచ్చాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఎప్పుడూ నన్ను నువ్వు అనేవాడు. "మీ తప్పేం లేదని చెప్పారు. కానీ ఇంటికి మాత్రం రాకండి" అన్నాడు. ఎండన పడి వచ్చాడని మంచినీళ్లు ఇవ్వబోయాను. వద్దన్నాడు.

రైటరుగారు ఇదంతా చదివి వినిపించారు. చివర, 'నా చెల్లెలి మరణం విషయంలో నాకు ఎవరి మీదా అనుమానం లేదు' అని ఉంది. అది నేను చెప్పలేదు, తీసేయమన్నాను.

"ఆ ముక్క లేకపోతే కేసు మూయలేమమ్మా. ఎవరి మీద అనుమానమో చెప్పు" అన్నారు ఎస్సైగారు.

నా మీద అన్నాను.

"నువ్వు విషం పెట్టలేదుగా?"

లేదన్నాను.

"మరి?"

"నాకు తెలియదు అని రాయండి" అన్నాను.

ఆయన ఆ వాక్యం కొట్టించి, అలాగే రాయించారు.

ఇది నేను చేసినది, చూసినది. ఒకరు చెప్పమంటే చెప్పినది కాదు. మరోసారి చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని, కొట్టివేత పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి సంతకం చేశాను.

సం/-
(మృతురాలి అక్క)

నా ఎదుట
సం/-
సబ్ ఇన్‌స్పెక్టర్