జుల్ఫియాకి స్కానింగ్

హలో… ఆఁ, నేనే మామయ్యా, మీ కోడలు రైల్యాని. చెరువుల దగ్గర్నుంచే… చాయ్ తాగడం అయిందా? అయితే కాస్త కూర్చోండి… కూర్చునే ఉన్నారా? మంచిది.

మీ ముద్దుల స్టర్జన్ చేప జుల్ఫియాకి ఇవాళ స్కానింగ్ చేశాను… కేవియర్ గుడ్లా? కడుపులో ఒక్క గుడ్డూ లేదు మామయ్యా. అది మగది.



మిషన్ బాగానే ఉంది… నా కళ్ళూ బాగానే ఉన్నాయి… అంత లావు చేప మగదెలా అవుతుందంటే— ఏరి ఏరి పెంచిన జాతి కదా, ఒళ్ళు త్వరగానే వచ్చేస్తుంది. ఆడో మగో తేలడానికే ఏళ్ళు పడుతుంది. ఈ ముక్క నాకు నేర్పింది మీరేగా…

ముందే ఎందుకు చూడలేదా? ఏటా స్కానింగ్ రోజున దాన్ని పక్క చెరువులోకి దాటించిందెవరు, నేనా?… వోల్గా నది మీద ఒట్లేం వద్దు, అందరికీ తెలుసు. ఈసారి మీరిక్కడ లేరు కాబట్టి దొరికింది.

పొగగదికా?… అవును, మగవన్నీ అక్కడికే. మాంసానికే… మామయ్యా… అయ్యో, ఏడవకండి. పూర్తిగా వినండి. నా చేతుల్లోంచి జారి పెద్ద చెరువులో పడిపోయింది… సరే, జారవిడిచాను. చాలా?

అసలు సంగతి ఆ తర్వాత. మేనేజర్ వదీమ్ గారికి ఆ జాతి మగచేప కావాలట, కొత్తగా కొన్న ఆడచేపలకి జోడీగా. ఎక్కడుంది? దాని అన్నదమ్ములందర్నీ పొగబెట్టి అమ్మేశాం. ఇప్పుడా వంశానికి మగదిక్కు మీ జుల్ఫియా ఒక్కతే… ఒక్కడే, సరేనా.

ఇక చంపరు. ఉంచుకుంటారు… కానీ ముందు పట్టాలిగా. వల చూస్తే అడుక్కి పోతోంది. మీరొచ్చి బకెట్ తడితేనే పైకొస్తుంది…

ఏంటీ?… మీ చేత్తోనే పట్టించి పొగగదికి పంపేస్తామా? నేనా, మామయ్యా?

వదీమ్ గారు ఇక్కడే ఉన్నారు. ఫోనిస్తాను, ఆయన్నే అడగండి…

అక్కర్లేదా?… ఏమన్నారు?… నేను చెప్తే చాలా?

…లేదు, నవ్వట్లేదు. సంతోషంగా ఉంది మామయ్యా… రండి, గట్టు మీదే ఉంటాను. హలో?…

పెట్టేశారు. వదీమ్ గారూ, నా మాట నమ్మి బయల్దేరారు. ఆయన వచ్చేలోగా ఆ పొగగదికి తాళం వేసి, చెవి నా చేతికివ్వండి.