తెల్లబరచని ఎముక

1960 సెప్టెంబరు ఒకటో తేదీన మన కళాశాల శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో సహాయకులుగా చేరిన శ్రీ సారంగపాణి గారు, ఇరవై ఎనిమిదేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వరంగల్లు నేత కుటుంబంలో పుట్టి, బట్ట మీద చిన్న మరకనైనా సహించని పెంపకంలో పెరిగిన వారు కావడం వల్ల, విద్యార్థుల కోసం సిద్ధపరచే ఎముకలను సున్నంలా తెల్లబడేదాకా వదిలేవారు కారు. వాటికి పెళ్లిచూపులా అని మేము ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవారు.

1972లో న్యాయవైద్య విభాగానికి బదిలీ అయినా ఆ అలవాటు వారిని వదలలేదు. కనబడకుండా పోయిన రాయమల్లు అనే మనిషిని ఏటూరునాగారం అడవిలో ఎవరో పూడ్చిపెట్టగా, 1979లో అతని అస్థికలు బయటపడ్డాయి. ఎడమ దండచేతి ఎముక మీది ఆకుపచ్చ రంగును చూసి ఊరి పెద్దమనుషులు విషమేనన్నారు. పోలీసులు భార్య యాదవ్వను నిర్బంధించారు. అస్థికలు మా గదికి రాగానే, ఎవరూ పరిశీలించక ముందే, సారంగపాణి గారు కుడి దండచేతి ఎముకను బ్లీచింగ్ నీళ్లలో వేశారు. ఎడమది చేతికి తీసుకున్నప్పుడు ఆగిపోయారు. ఆకుపచ్చ రంగు రెండు వేళ్ల వెడల్పున ఎముక చుట్టూ పట్టీలా ఉంది, మిగతా భాగమంతా సహజంగానే ఉంది. విషమైతే ఒక్కచోటే ఇలా చుట్టుకుంటుందా అని వారికి అనుమానం వచ్చింది.

అనుమతి తీసుకుని, నీ మగడు చేతికి ఏమైనా పెట్టుకునేవాడా అని యాదవ్వను అడిగారు.

"రాగి దండకడెం పెట్టుకునేటోడు సార్, ఎడమ రెక్కకు," అన్నదామె. "మనిషి ఏడున్నడో గూడ నాకు ఎరుక లేకుండె."

గోతి మట్టిని మళ్లీ జల్లెడ పట్టిస్తే కడియం దొరికింది. అయినా చిక్కు తీరలేదు. కుడి ఎముక మీద కూడా ఆ రంగు ఉండి ఉంటే విషమన్న మాటే నిలిచేది; అది ఉందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఎముకను ముందే తెల్లబరచిన సంగతి నివేదికలో రాస్తే వారి ఉద్యోగానికే ముప్పని, అప్పుడు విభాగాధిపతిగా ఉన్న ఈ వ్యాసకర్త వారించాడు.

సారంగపాణి గారు నిలబడే జవాబిచ్చారు: "రాయుండ్రి సార్. చూడకముందే తెల్లగ చేసింది నేనే. ఇది దాస్తే కడెం మాట గూడ నమ్మరు. ఆమె మెడకు ఉరి పడుతది."

రాశాము. వారికి మందలింపు పత్రం వచ్చింది, పదోన్నతి నాలుగేళ్లు వెనక్కి పోయింది. రసాయన పరీక్షలో విషం జాడ కనబడలేదు. తమ తప్పును తామే ఒప్పుకున్న నివేదికను న్యాయమూర్తి విశ్వసించారు, యాదవ్వ విడుదలైంది. చూసి, రాసి పెట్టనిదే ఎముక మీద నీటి చుక్క పడరాదన్న మా విభాగ నియమం ఆనాటి నుంచే అమలులో ఉంది.

న్యాయస్థానం వరండాలో యాదవ్వ వారి రెండు చేతులూ పట్టుకుని, "నా ఆయుష్షు గూడ పోసుకొని బతుకు అన్నా," అన్నది. పక్కన నిలబడిన ఈ వ్యాసకర్త సిగ్గుతో తల వంచుకున్నాడు.

సహధర్మచారిణి విమలమ్మ గారితో కలిసి వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని మేమందరం కోరుకుంటున్నాము. యాదవ్వ తన ఆయుష్షునే ఇచ్చింది, మేము ఇవ్వగలిగింది ఈ నాలుగు మాటలే.