బుక్ పోస్టు నిలబెట్టిన తుమ్ము

ఒరేయ్ పిచ్చయ్యా, వినపడతందా? పొదిలిలో కూర్చుని గొణిగితే నాకేం తెలుద్ది, గట్టిగా మాట్లాడు. ఫోను కోటిరత్నం టీ బల్ల మీద పెట్టా, ఇక్కడ నలుగురూ వింటన్నారు. మా ఇంటిది జమీలా పోయి నలభై రోజులైందిగా, నిన్న నలభయ్యి చేశాం. వచ్చినోళ్ళకి మన పోస్టాఫీసు కథ చెప్పా. నువ్వు రాలేదుగా, అందుకని నీకు మళ్ళీ చెప్తన్నా. ఎక్కడన్నా తేడా వస్తే ఆపు, మొహమాటపడమాక.

“నేనెందుకు ఆపుతా హుస్సేనన్నా, చెప్పు,” అన్నాడు ఫోన్లో పిచ్చయ్య.

“టీ చల్లారిపోతంది అన్నయ్యా,” అంది కోటిరత్నం.

ఉండనీ అమ్మా. తొంభైతొమ్మిదో, రెండువేలో. మన మిర్చి వ్యాపారుల సంఘం సీజన్ సీజన్‌కీ మచ్చు పంపేదా, గుప్పెడు కాయలు చిన్న గుడ్డసంచీలో పెట్టి, దేశంలో ఉన్న షావుకార్లందరికీ పోస్టులో. బుక్ పోస్టు గనక చవగ్గా పోయేయి. ఆ సంచీలు కుట్టేది ఎవరు? నా జమీలా, ఈ రత్నమ్మ, మా వీధిలో ఆడోళ్ళు. ఉన్నట్టుండి పోస్టోళ్ళు ఇక బుక్ పోస్టు కుదరదు, పార్సిలు రేటు కట్టండన్నారు. అంత రేటైతే మచ్చే మానేస్తాం, ఫోన్లో ధర చెప్పుకుంటాం అన్నారు సంఘమోళ్ళు. అంటే మనాళ్ళ కుట్టుపని పోయినట్టేగా! పెద్ద పోస్టాఫీసుకి అర్జీ పట్టుకుని ఆడోళ్ళూ మనమూ బస్సెక్కాం. నువ్వప్పుడు సంఘంలో గుమస్తావి. నేనేం గొప్ప చెప్పుకోను, మచ్చు బస్తా భుజానేసుకుని మెట్లెక్కా. అంతేగా పిచ్చయ్యా?



“అంతేలే అన్నా.”

అంతేనా? సరే. పెద్దాఫీసరు ఏంటయ్యా మీ మిరపకాయల గొప్పన్నాడు. బస్తా విప్పి ఆయన బల్ల మీద గుమ్మరించా. పైన ఫ్యాను గిర్రున తిరుగుతంది. కళ్ళంలో పుట్టి పెరిగినోళ్ళం, మన ముక్కులకి ఘాటు ఎక్కడ తెలుస్తది? ఆయన తుమ్మాడు. పక్కనున్న గుమస్తా తుమ్మాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడంతస్తులూ ఒక్కసారే తుమ్మినై. ఆ గాలికి సంచుల్లో ఉత్తరాలన్నీ కిటికీల్లోంచి లేచిపోయి, ఎవరి ఉత్తరం వాళ్ళ గుమ్మంలో పడింది. ఆ రోజు పోస్టుమాన్లకి పనే లేదు! అబద్ధమైతే చెప్పరా.

“నేనేమంటా అన్నా. నువ్వు చెప్పు,” అన్నాడు పిచ్చయ్య, మెల్లగా.

రత్నమ్మా, నువ్వేంది పొయ్యిలో తల దూర్చావు?

“పొగ అన్నయ్యా. కళ్ళు మండుతున్నై.”

సరే విను. ఆఫీసరు ఢిల్లీకి ఫోను చేసి, సార్, అనబోయి తుమ్మాడు. ఆ తుమ్ము తీగల్లో పడి ఢిల్లీ పోయింది. అక్కడ పెద్దాయన రిసీవరు చెవిన పెట్టుకున్నాడో లేదో, హాచ్! ఆయన తుమ్మితే దేశంలో పోస్టు డబ్బాలన్నీ మూతలు తెరిచినై. గుంటూరోళ్ళు ఏమడిగితే అది రాసిచ్చెయ్యండి మొర్రో అన్నాడు. ఇదిగో ఇక్కడన్నా ఆపరేం రా? ఏరా పిచ్చయ్యా?

కోటిరత్నం కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

విమానం పంపించారు నా కోసం! వద్దు, బస్తాకి సీటు లేదన్నా. సరే, నీ బొమ్మతో స్టాంపు వేస్తామన్నారు. నా బొమ్మ వెనక నాలిక పెట్టి తడిపినోడికి జన్మంతా మంట తగ్గదు, నాకెందుకా పాపమన్నా. అప్పుడు వాళ్ళేమన్నారో తెలుసా…

“ఇక చాలు, దిగు!”

కోటిరత్నం గరిటె బల్ల మీద కొట్టింది.

“స్టాంపంట, నీ మొహమంట! నువ్వా ఆఫీసు మెట్టు ఎక్కావా అసలు? బస్సులో దారంతా కక్కుకుని, మా చెప్పులకి కాపలాగా వరండాలో పడుకోలా? లోపలికెళ్ళింది జమీలక్క. ఒక్క సంచీ ఆయన చేతిలో పెట్టి, లోపలున్న కాయలకన్నా మీ పార్సిలు రేటే ఎక్కువండీ, అంది. ఆయన నవ్వి, సరేలెమ్మా, పాత రేటే ఉండనిద్దామన్నాడు. ఎవడు తుమ్మాడక్కడ?”

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, తప్పైపోయింది అన్నయ్యా. నిన్ననే నలభయ్యి…”

తప్పేంది తల్లీ! విన్నావా పిచ్చయ్యా? అన్నదిరా! నిన్న ఇంటినిండా జనం, ఇదే కథ చెప్పి స్టాంపు దాకా పోయా, ఒక్కడు నోరెత్తితే ఒట్టు. పాపం ముసలోడు అని తలకాయలూపారు. ఎక్కడ ఆపాలో నాకెట్టా తెలుద్ది, ఇన్నేళ్ళూ ఆపింది జమీలాయేగా? నేను మెట్లెక్కా అనగానే ‘ఇక చాలు, దిగు’ అనేది. ఇంతకీ నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా పిచ్చయ్యా?

“రెండూను. నువ్వు చెప్పుల మీద తలపెట్టి పడుకున్నావు, అది చెప్పలా రత్నమ్మ.”

చెప్పు, చెప్పు, అదీ చెప్పు. హమ్మయ్య.

రత్నమ్మా, ఈ చల్లారింది పారబోసి వేడిగా పొయ్యి. ఇవాళ గొంతు దిగుద్ది.