విడిగానే

ఆసుపత్రి మెట్ల మలుపు, మధ్యాహ్నం. పైన పిల్లల క్యాన్సర్ వార్డు. కార్ల సొట్టలు తీసే మేస్త్రి చేతిలో సుత్తితో పైకి వస్తుంటే, అతని భార్య రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది.

"సుత్తి ఇటివ్వండి."

"తప్పుకో."

"ఇస్తే తప్పుకుంటాను."

"నిన్ను తోసేసి పోవడం నాకు పెద్ద పని కాదు."

"తొయ్యండి. దొర్లి ఎక్కడ పడ్డా ఆసుపత్రిలోనే పడతాను, దిగుల్లేదు."

"వేళాకోళాలొద్దు నాతో."

"చొక్కా మీద ఆ రక్తం ఎవరిది?"

"ఎవరిదో."

"ఎవరిదో అంటే? దారిన పోయేవాడిదా?"

"మందుల షాపువాడిది."

"గేటు ఎదురుగా ఉన్న షాపా? మన పిల్ల పిడుగు కనిపిస్తే చాలు, ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టుకుంటాడే, ఆయనా?"

"ఆయనేంటి ఆయన. వాడు."

"ఏం చేశారు ఆయన్ని?"

"అడిగాను."

"సుత్తితోనా అడగడం?"

"ముందు నోటితోనే అడిగాను. పొద్దున రిపోర్టు చూసి డాక్టరు ఏమన్నాడు? నువ్వూ విన్నావుగా. చెడ్డ కణాలు వందలో ఒకటికి దిగాల్సింది పోయి పద్నాలుగుకి ఎక్కాయన్నాడు. మాత్ర పనిచెయ్యడం లేదు, రేపట్నించి ఆపేద్దామన్నాడు. ఆపేసి? ఆపేసి ఏం చేస్తారంటే కళ్ళజోడు తుడుచుకున్నాడు."

"చూద్దామన్నాడు. ఇంకో దారి చూద్దామన్నాడు."

"దారా? ఆ మాట అనేటప్పుడు వాడి మొహం చూశావా నువ్వు? రెండు నెలల కింద ఇదే డాక్టరు నా పనేంటో అడిగి మరీ చెప్పాడు. మేస్త్రీ, ఇన్నాళ్ళూ ఎక్కించిన మందు బండి మొత్తాన్ని బాదేది, ఈ మాత్ర అలా కాదు, సొట్ట ఎక్కడుందో అక్కడే తగులుతుంది అన్నాడు. చెడ్డ కణానికి ఒక మీట ఉంటుంది, పోయి దాన్నే నొక్కి ఆపేస్తుంది అన్నాడు. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. నోటి నిండా పుళ్ళతో గుక్కెడు నీళ్ళకే కెవ్వుమనేది కదా అది. దిండు మీద దాని జుట్టు ఏరి ఏరి గుప్పెట్లో దాచుకునేదానివి కదా నువ్వు. ఇక అవన్నీ ఉండవు అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

"మరి రోజూ మాత్ర పడుతుంటే కణాలు ఎందుకు పెరుగుతాయి? పక్క మంచం వాళ్ళ తాత అన్నాడు, బయట దొంగ మాత్రలు తిరుగుతున్నాయట. పోయిన నెల మన మాత్రల అట్ట రంగు మారింది, గుర్తుందా?"

"అట్ట రంగు మారితే మనిషిని చంపేస్తారా?"

"చంపలేదు. అసలుదేనా అని అడిగాను. అసలుదే మేస్త్రీ అని నవ్వాడు. నవ్వకపోయినా బాగుండేది. కళ్ళు బైర్లు కమ్మాయి నాకు. బల్ల మీద అద్దం ఒక్క దెబ్బకి కుప్పకూలింది. తర్వాత వెనక అరలు. సీసాలన్నీ నేల మీద, ఎర్రవీ పచ్చవీ పారుతున్నాయి. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. చేతి మీద వేశాను. రేకు సొట్టపోతే ఒక చప్పుడు వస్తుంది. ఇది అది కాదు."

"చాలు. ఆపండి."

"విరిగిన చేత్తోనే లేచి నిలబడ్డాడు. డాక్టరు రాసిందే ఇచ్చాను, కావాలంటే డాక్టర్నే అడుగు అన్నాడు. అప్పుడు నెత్తి మీద వేశాను."

"ఎన్ని?"

"రెండు. మూడోది గోడకి తగిలింది."

"మీ చెయ్యి నాకు తెలీదా? రంగు చెదరకుండా సొట్ట లేపే చెయ్యి. గోడకి తగలడమేంటి?"

"వణికింది."

"ఆ వణుకు మొదటి దెబ్బకే వచ్చి ఉంటే బాగుండేది. వెనక మెట్ల దారిన వెళ్ళిపోండి. ఎవరైనా అడిగితే నేను చూడలేదంటాను."

"వాడి పని అయిపోయింది. ఇంక డాక్టరు ఉన్నాడు. వాడు చెప్పింది అబద్ధమో, వీడు చెప్పింది అబద్ధమో, ఇద్దర్లో ఒకడు నా పిల్ల ప్రాణంతో ఆడుకున్నాడు."

"పైన డాక్టరు గదికీ పిడుగు మంచానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అరుపులు వినబడితే లేచి వస్తుంది. వాళ్ళ నాన్న డాక్టరు తల పగలగొట్టడం కళ్ళారా చూస్తుంది."

"చూడనీ."

"దాని వెన్నులో సూది ఎక్కడ గుచ్చాలో తెలిసిన మనిషి ఇక్కడ ఆయనొక్కడే. ఆయన్ని పడేస్తే రేపు ఎవరు గుచ్చుతారు? మీరా? ఆ సుత్తితోనా?"

"ఇంక గుచ్చేదేముంది? చేతులెత్తేశాడుగా. లే అడ్డం."

"లేవను."

"లేవే."

"అమ్మా... తోసేశారుగా. చూడండి, మోచెయ్యి చీరుకుపోయింది. అయినా మీ కాలు వదలను."

"వదులు."

"వదలను. లేచి మరీ ఇస్తున్నాను, ఇదిగో, ఇది పట్టండి చెంప మీద."

"నన్ను కొట్టావా?"

"కొట్టాను. కొట్టేదాకా ఈ లోకంలోకి రారని కొట్టాను. ఇంకోటి కూడా కొడతాను. పిల్ల పోతుందేమోనని మీ ఒక్కరికేనా గుండె పగిలేది? నాకేం లేదా? నేనెవర్ని కొట్టాలి? చెప్పండి, నేనెవరి నెత్తి పగలగొట్టాలి?"

"సుత్తి వదులు. లాగితే నీ మణికట్టు విరుగుతుంది."

"విరగనీయండి. ఇవాళ మీరు విరిచినవాటిలో ఇదొకటి."

ఆమె తమ్ముడు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. అతని చొక్కా ముందు భాగమంతా ఎర్రగా తడిసి ఉంది.

"అక్కా, గట్టిగా పట్టుకో. బావా, ఆగు. ఒక్క నిమిషం ఆగు."

"నువ్వెందుకొచ్చావురా?"

"షాపాయన్ని నేనే భుజాన వేసుకొచ్చాను. కింద ఎమర్జెన్సీలో పెట్టారు."

"పోలీసుల్ని తీసుకురమ్మన్నాడా?"

"నిన్నొక మాట అడిగి రమ్మన్నాడు."

"వాడు నన్ను అడిగేదేంటి?"

"మాత్రతో పాటు పాపకి గ్యాస్ మందు ఇచ్చాడట కదా, పొట్ట మండుతోందంటే. అది ఎలా పోస్తున్నావని."

"తల పగిలినా వాడికి అదేం పిచ్చి?"

"నేనూ అదే అనుకున్నాను. కానీ ఆపకుండా అదే అడిగాడు. నర్సు నోరు ముయ్యమన్నా అడిగాడు. చెప్పు బావా."

"విడిగానే పోస్తున్నాను. విడిగా పొయ్యమని చెప్పింది వాడే. పొద్దున డాక్టరూ అడిగాడు, గ్యాస్ మందు విడిగానే ఇస్తున్నారు కదా అని. విడిగానే అన్నాను. సరేనని తలూపాడు."

"విడిగా అంటే ఎలా?"

"విడిగా అంటే విడిగా. మాటలు అర్థం కావా నీకు?"

"కోప్పడకు బావా. పొద్దున లేచిన దగ్గర్నించి ఏం చేస్తావో చెప్పు."

"ఆరింటికి లేపుతాను. ముద్దు చేసి మాత్ర వేస్తాను. గొంతు దిగిందో లేదో నోరు తెరిపించి, నాలిక కింద కూడా చూస్తాను. దిగాక గ్యాస్ మందు పోస్తాను. రెండూ ఏనాడూ కలపలేదు. మాత్రకి గ్లాసు వేరు, దానికి మూత వేరు. ఇంట్లో ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కావాలంటే మీ అక్కనడుగు, ఒక్కరోజు తప్పానేమో."

"ఒక్కరోజు కూడా తప్పలేదురా. జ్వరంతో పడుకున్న రోజు కూడా లేచి ఆయనే వేశారు."

"మాత్రకీ గ్యాస్ మందుకీ మధ్య ఎంతసేపు ఆగుతావు బావా?"

"ఆగడమెందుకు? మూతి తుడిచి పోస్తాను."

"రోజూ అంతేనా?"

"రోజూ అంతే. ఏం, ఏమైంది? అలా చూస్తావేంట్రా?"

"రెండు గంటలు బావా. విడిగా అంటే రెండు గంటల తేడాతో అని. గ్లాసు విడిగా, మూత విడిగా అని కాదు."

"మరి అలా చెప్పాలిగా."

"చెప్పలేదనే ఏడ్చాడు ఆయన. విడిగా అంటే అందరికీ తెలుస్తుంది కదా అనుకున్నాడట. ఆ మాత్ర కరగాలంటే పొట్టలో పులుపు ఉండాలట. వెంటనే గ్యాస్ మందు పడితే ఆ పులుపు చచ్చిపోతుందట. ఇక మాత్ర మింగినా ఒంటికి పట్టదట."

"రెండు నెలలూనా?"

"రెండు నెలలూనేమో అక్కా."

"అంటే మాత్ర పనిచెయ్యకపోవడం కాదు. దాని ఒంటికి పట్టనే లేదు. అంతేనా? సరిగ్గా చెప్పరా, అంతేనా?"

"అదే అయ్యుండొచ్చన్నాడు. వెంటనే డాక్టరుకి చెప్పమన్నాడు. మాత్ర ఆపెయ్యకముందే చెప్పమన్నాడు. గ్యాస్ మందు మానేసి మళ్ళీ చూడొచ్చట. పాపకి ఇంకా దారి మూసుకుపోలేదన్నాడు."

"నేనే."

"బావా, కూర్చో. ముందు కూర్చో."

"నా చేత్తో నేనే. నోరు తెరిపించి మరీ చూశాను."

"సుత్తి నాకియ్యి బావా. ఆ... అలా. కూర్చో."

"వాడు... ఆయన ఏమంటున్నాడు నన్ను?"

"నిన్నేమీ అనలేదు. ఆ పాప వాళ్ళ నాన్నకి చెప్పు అన్నాడు, నా చొక్కా పట్టుకుని. రెండు గంటలు అని మూడుసార్లు అన్నాడు. తర్వాత చెయ్యి జారిపోయింది."

"జారిపోవడమేంట్రా?"

"మాట పడిపోయింది బావా. పిలిస్తే పలకడం లేదు. తల తెరవాలంటున్నారు. తెరిచినా చెప్పలేమంటున్నారు."

"ఆయనకెవరున్నారు?"

"బయట కూతురుంది, పన్నెండేళ్ళుంటాయేమో. బడి పక్క వీధే, ఎవరో పరుగున తీసుకొచ్చారు. సంచి భుజానే ఉంది. మా నాన్నని ఎవరు కొట్టారని నన్నడిగింది. నేను చెప్పలేకపోయాను."

"నేను డాక్టరు దగ్గరికి వస్తాను. తప్పు నాదే, నేనే చెబుతాను. ఆయన కాళ్ళు పట్టుకుని..."

"వద్దు. డాక్టరుకి నేను చెబుతాను, పైకి నేను వెళ్తాను. మీరు కిందికి వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడండి. మళ్ళీ అడుగుతుంది. చెప్పండి."