మూడో ఆయిల్ సీలు

తిరుపతి, కొర్లగుంటలో మునికుమార్ ఇంటి వాకిలి. కారు బానెట్ ఎత్తి ఉంది. మెకానిక్ మోహన్ వంగి చూస్తున్నాడు. మునికుమార్ తల్లి నాగులమ్మ గడపలో కూర్చుని ఉంది.

"అది కాదు కుమారన్నా..."

"ఏది కాదప్పా? నూనె ఆపాల్సిన మూడో సీలు ఇది. మూడోది. కింద చూడు, మళ్ళీ నూనె. నీ చేత్తో నువ్వే కదా ఏసినావు?"

"నేనే ఏసినాను. కొత్తదే ఏసినాను."

"కొత్తదైతే ఎందుకు కారతా ఉండాది?"

"అదే చూస్తా ఉండా."

"మొన్నా అదే అన్నావు. అంతకు ముందూ అదే అన్నావు. చూస్తా ఉండా, చూస్తా ఉండా. ఎన్నాళ్ళు చూస్తావు మోహనా?"

"ఈ పొద్దొక్కటే చూసేది. మునస్వామన్న ఏం చెప్పినాడో నీకు తెలుసు కదా. మాపటేళకు తప్పు యాడుండాదో చూపించు, లేదంటే షెడ్డు తాళాలిచ్చి ఇంటికి పో అన్నాడు. మీసం రాకముందు నుంచి ఉండా ఆ షెడ్డులో."

"మీ ఓనరు అంటే దానికి నేనేం చేసేది?"

"నువ్వే కదన్నా చేసింది. నిన్న షెడ్డు ముందర నిలబడి అరిచినావు. అరిస్తే అరిచినావులే, పడతా. వీడియో ఎందుకు తీసినావు? నా మొకం తీసి, 'ఈయప్ప చెయ్యి పెడితే ఇంజిను గోవిందా' అని మీ కార్ల గ్రూపులో పెట్టినావే. పొద్దన్నుంచి ఇద్దరు బండ్లు ఎనక్కి తీసుకోని పోయినారు. నన్నొక మాట కూడా అడగలే, కండ్ల ముందరే తీసుకోని పోయినారు."

"ఉన్నదే కదా చెప్పినా. శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోయే దోవలో బండి నిలబడిపోయింది. ఎనకంతా పొగ. డ్యూటీకి లేటు. మా సార్ నన్ను నా కింద పనిచేసే పిలకాయల ముందర నిలబెట్టి అడిగినాడు. ఆ కోపం నేను యాడ చూపించేది?"

"నా మింద చూపించినావు."

"సీలు ఏసింది నువ్వు కాబట్టి."

"కాపీ తాగు నాయనా మోహనా. వచ్చినప్పట్నుంచి వంగే ఉండావు."

"ఆడ పెట్టు పెద్దమ్మా. చేతులంతా నూనె."

"అమ్మా, నువ్వు లోపలికి పో. ఈడ పని జరగతా ఉండాది."

"నేనేం అడ్డమొచ్చినానురా? నా గడపలో నేను కూర్చోనుండా."

"అన్నా, ఒక మాట అడగతా, కోపం చేసుకోవద్దు. ఈ బండి నా షెడ్డులో ఉన్నంతసేపు ఒక్క చుక్క కారదు. అలిపిరి దాకా నేనే తోలి చూసినా. గట్టిగా తొక్కినా. ఏమీ కాలే. నీ ఇంటికొచ్చి ఒక రాత్రి నిలబడిందంటే, తెల్లారి సీలు ఎగిరిపోతాది. ఎందుకట్ల?"

"అంటే నా ఇంటికి శని పట్టిందనా?"

"నేను అట్ల అన్లే."

"అన్నట్టే ఉండాది."

"అందుకే కదా పని మానుకోని ఈడికొచ్చింది. ఈడే చూద్దామని. పెద్దమ్మా, పల్చని ప్లాస్టిక్ కవరుంటే ఒకటి ఇస్తావా?"

"పూలు కట్టించుకోని వచ్చిన కవరు ఉండాది. సాలునా?"

"సాలు. ఒక రబ్బరు బ్యాండు కూడా."

"ఏంది మోహనా, కవర్లూ రబ్బరు బ్యాండ్లూ. ఇంజిను రిపేరా, టిఫిన్ పార్శిలా?"

"నూనె పోసే మూత తీసేస్తా. ఆ నోటికి కవరు కడతా. నువ్వు బండి స్టార్ట్ చెయ్యి. తొక్కద్దు, ఊరికే తిరగనీ."

"చేసినా."

"కవరు చూడు."

"ఉబ్బతా ఉండాది."

"ఇంగా చూడు."

"తిరునాళ్ళలో బుడగ మాదిరి ఉబ్బిందే. అట్ల ఉబ్బచ్చునా?"

"ఉబ్బకూడదు. రవంత అట్లిట్ల ఊగాల, అంతే. అన్నా, పిస్టను పక్క సందుల్లోంచి కొంచెం గ్యాసు కిందికి దిగతానే ఉంటాది. అన్ని ఇంజిన్లలో దిగతాది. నీ దాంట్లో స్పీడు కోసం టర్బో బూస్టు పెంచినాము, ఇంగా జాస్తి దిగతాది. అది బయటికి పోవాల. పోయే దోవ లేకపోతే సీళ్ళను తోసుకోని, నూనెను కూడా ఎంటబెట్టుకోని వస్తాది. కొత్త సీలైతే ఏమి, పాత సీలైతే ఏమి, నిలబడదు."

"అదీ. పిస్టను రింగులు పోయినాయి అను. మా గ్రూపులో నెల్లూరాయన మొన్ననే చెప్పినాడు. రింగులే, ఇంజిను విప్పాల్సిందే అని."

"ఆయన బండి చూసినాడా?"

"ఫోటో చూసినాడు."

"ఫోటోలో రింగులు కనపడినాయా?"

"ఎగతాళి ఒద్దు మోహనా. నేను ఈడ తల పట్టుకోనుంటే."

"నేనూ తలే పట్టుకోనుండా అన్నా. నీదైతే బండి, నాదైతే బతుకు. సరే, బూస్టు పెంచమనింది ఎవరు?"

"నేనే. అందరూ పెంచుకుంటా ఉండారు."

"పెంచితే గ్యాసు జాస్తి అవుతాది, దాంతో నూనె కూడా వస్తాది, ఒక డబ్బా పెట్టి ఇంజిను నుంచి వచ్చే పైపు దాంట్లోకి వదులుదాం అని చెప్పినానా లేదా? నూనె డబ్బాలో పడతాది, అప్పుడప్పుడు పారబోసుకుంటే సరిపోతాది అన్నానా లేదా?"

"బానెట్ ఎత్తితే డబ్బా కనపడతాది. అసింకంగా ఉంటాది, చూడబుద్ధి కాదు."

"అందుకని పైపును నేలకు వదిలేయమన్నావు."

"అవును, వదిలేయమని నేనే చెప్పినా. ప్రతిదానికీ నన్నే నిలదీస్తావేందప్పా? పైపుకూ సీలుకూ ఏం సంబంధం?"

"ఆ గ్యాసు పోయే దోవ ఆ పైపే అన్నా. బండి ఆపద్దు, నేను కిందికి దూరతా. పైపు కొన దగ్గర చెయ్యి పెడితే గాలి తగలాల."

"తగలతా ఉండాదా?"

"ఉండు, చెయ్యి ఇంగా దూర్చనీ."

"మోహనా, తగలతా ఉండాదా?"

"తగల్లే. ఆపు. బండి ఆపు. ఆ పొడుగు స్క్రూడ్రైవరు ఇట్లియ్యి."

"ఏమైంది?"

"లోపల ఏందో బిగుసుకోని ఉండాది. రాదే. ఉండు. ఆ... వచ్చింది. పట్టుకో."

"కట్టెనా?"

"కట్టె కాదు. మొక్కజొన్న బెండు. గింజలు వల్చేసినది. కత్తితో సన్నగా చెక్కి, కొనకు గుడ్డ చుట్టి దూర్చినారు."

"పందికొక్కు తెచ్చి పెట్టుకోనుంటాది."

"పందికొక్కుకు కత్తి యాడిదన్నా?"

"అయితే మనిషే. కావాలనే చేసినాడు. ఎదురింటి చిన్నబ్బ. నేను కారు కొన్నప్పట్నుంచి ఆయప్పకు కండ్లు కుట్టినాయి. రోజూ మాపటేళ ఈడే తచ్చాడతా ఉంటాడు. స్టేషన్‌కు పోతా. ఈ పొద్దే పోతా. కేసు పెడతా."

"కుమారా."

"నువ్వుండమ్మా."

"చిన్నబ్బను ఏమీ అనద్దురా. పాపం."

"నీకు తెల్దు లేమ్మా వాడి సంగతి."

"ఆ బెండు నేను పెట్టిందే."

"ఏంది?"

"బెండు. నేనే పెట్టినా."

"నువ్వా?"

"నేనే. సెక్కింది కూడా నేనే. కూరగాయల కత్తితో."

"ఎందుకమ్మా? ఎందుకు పెట్టినావు?"

"ఎందుకంటే ఏం సెప్పేది. ముగ్గేసే సోటంతా నూనె. పొద్దన్నే కల్లాపి సల్లితే నీళ్ళు నిలవవు, జారిపోతాయి. పిండి ఏస్తే నల్లగా అయిపోతాది. ఆ పక్కింటి నాగవేణి వచ్చి, 'ఏమక్కా, వాకిలి మెకానిక్ షెడ్డు మాదిరి పెట్టుకున్నావే' అని పోయింది. మనసు కష్టమైపోయింది నాకు. నూనె కారే సోట బిరడా పెట్టినా. క్యాను కారితే పెట్టమా?"

"క్యానూ ఇంజినూ ఒగటేనామ్మా?"

"నాకేం తెలుసురా. రెండూ కారతా ఉండాయి."

"పెద్దమ్మా, ఎప్పుడెప్పుడు పెడతావు ఇది?"

"వీడు పనినుంచి వచ్చి బండి నిలబెట్టినాక పెడతా నాయనా. బండి సల్లబడినాక. పొద్దన్నే తీసేద్దామనుకుంటా. నేను లేచే లోపలే వీడు పోయుంటాడు. మళ్ళీ వచ్చినప్పుడు సూస్తే బెండు ఉండదు, యాడో పడిపోయుంటాది. ఇంగొకటి సెక్కతా."

"అదీ సంగతి. డబ్బా వద్దని పైపు నేలకు వదిలించినావే, దాంట్లోంచి కారే చుక్కలకు పెద్దమ్మ బిరడా పెట్టింది. అన్నా, అర్థమైందా? పొద్దన్నే మూసిన పైపుతో పోతావు. దోవలో లోపలి గ్యాసు సీలును తోసేస్తాది, ఆ ఊపులో బెండు కూడా ఎగిరిపోతాది. షెడ్డుకొచ్చేసరికి పైపు శుభ్రంగా ఉంటాది. నేను చూస్తే ఏముంటాది? ఏమీ ఉండదు. పిచ్చోడి మాదిరి సీలు మార్చి పంపిస్తా ఉండా."

"ముగ్గు కోసం మూడు సీళ్ళు పోగొట్టినావమ్మా."

"ఒరే, నా మాట రవంత ఇను..."

"తర్వాత ఇంటా. నువ్వు ముందు లోపలికి పో."

"కోప్పడద్దన్నా పెద్దమ్మను. నా ప్రాణం ఇప్పుడు లేచొచ్చింది. రింగులు బాగుండాయి, ఇంజిను బాగుండాది, నా పని బాగుండాది. మునస్వామన్నకు ఫోన్ చెయ్యి."

"చేస్తాలే."

"ఇప్పుడే చెయ్యన్నా. ఆయన షెడ్డు మూసేలోపల."

"ఏమని చెప్పేది?"

"జరిగింది చెప్పు."

"పైపు మూసుకుపోయింది, మోహన్ కనిపెట్టినాడు, ఇప్పుడు బండి బాగుండాది. సరేనా?"

"ఎట్ల మూసుకుపోయింది అంటాడు."

"మురికి పట్టింది అంటా."

"మురికైతే అది నా తప్పే అన్నా. మూడుసార్లు సీలు మార్చినోడివి పైపులో మురికి చూడలేదా అని అప్పుడే తాళాలు పెరుక్కుంటాడు. దానికంటే నువ్వు ఫోన్ చెయ్యకపోవడమే మేలు."

"మరి ఏం చెప్పమంటావు? మా అమ్మ మొక్కజొన్న బెండు పెట్టింది అనా?"

"అదే చెప్పాల. గ్రూపులో కూడా చెప్పాల."

"గ్రూపులో కుదర్దు."

"వీడియో పెట్టింది ఆడే కదా."

"తీసేస్తా. డిలీట్ కొట్టేస్తా. సరిపోతాదా?"

"చూసినోళ్ళ కండ్లల్లోంచి కూడా డిలీట్ అవుతాదా? ఆ ఇద్దరూ బండ్లు తిరిగి తెస్తారా?"

"మోహనా, నువ్వు అర్థం చేసుకోవాల. ఆ గ్రూపుకు నేను అడ్మిన్. బూస్టు ఎంత పెట్టాల, పైపు యాడ వదలాల, అందరూ నన్నే అడుగుతారు. ఇప్పుడు నా బండికే బెండు పెట్టినారు అంటే నవ్వతారప్పా. యాడికి పోయినా బెండు కుమార్ అంటారు."

"నవ్వితే నువ్వు ఇంటికొచ్చి అన్నం తింటావు. షెడ్డు పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదన్నా. నా పెండ్లాం అమల నిన్నట్నుంచి నాతో మాట్లాడ్లే. ఇద్దరు పిల్లకాయలు ఉండారు."

"నా ఒక్కడి గురించి కాదు. అమ్మ పరువు ఉండాది కదా. ముసలామెను పట్టుకోని ఊరంతా నవ్వాలనా? నా కోసం కాకపోయినా మా అమ్మ కోసమన్నా చూడు."

"నా పేరు సెప్పద్దని నేను సెప్పినానారా?"

"నువ్వింకా ఈడే ఉండావా?"

"యాడికి పోతా. నా ఇల్లు ఇది. మోహనా, ఆ గ్రూపులో నువ్వుండావా?"

"ఉండా పెద్దమ్మా. కుమారన్నే చేర్చినాడు."

"మీ ఓనరు?"

"ఆయనా ఉండాడు."

"అయితే నీ ఫోను తియ్యి. చెయ్యి తుడుసుకోని తియ్యి. నన్ను వీడియో పట్టు."

"అమ్మా, ఏందిది? నీకెందుకివన్నీ?"

"గమ్మున ఉండు. కొంగు సరిసేసుకోనీ. నాయనా, నా మొకం పడతా ఉండాదా? కారు కూడా పడాల."

"రెండూ పడతా ఉండాయి పెద్దమ్మా. మాట్లాడు."

"మోహనా, పెట్టద్దు చెప్తా ఉండా. మనం మనం మాట్లాడుకుందాం. నేనే వచ్చి మునస్వామన్నతో నిదానంగా..."

"నమస్కారం నాయనా అందరికీ. నా పేరు నాగులమ్మ. ఈ కారు నా కొడుకు మునికుమార్‌ది. మీరంతా నిన్న ఒక వీడియో సూసినారంట. అందులో ఉండే అబ్బాయి ఈ మోహనే. ఈ పిల్లోడు పని సక్కగా సేసినాడు. ఈయన్ని ఎవురూ ఏమీ అనద్దండి. కారు కింద నూనె కారే గొట్టానికి మొక్కజొన్న బెండు పెట్టి మూసింది నేను. వాకిట్లో నూనె కారతా ఉంటే పెట్టినా."

"సరే. అయిపోయింది కదా. చెప్పేసినావు కదా. ఆపు మోహనా."

"ఆపద్దు నాయనా, ఇంగొక మాట ఉండాది. నేనేమీ అడక్కుండా పెట్టలే. మొదటి బెండు సెక్కిన రోజే ఫ్యాక్టరీకి ఫోన్ సేసినా. 'కుమారా, కింద కారే గొట్టంలో బిరడా పెడితే బండికేమన్నా అవుతాదా' అని అడిగినా. 'ఏందో ఒగటి పెట్టుకోమ్మా, ఊరికే నా తల తినద్దు' అని సెప్పింది వీడే."