వర్ని బాటలో వాన

"అరవై మూడు మార్చి పది, ఆదివారం. నీ గానుగ కాడ మేమిద్దరం వేడి బెల్లంతోని జొన్నరొట్టె తిన్నం, అవ్వా."

భార్య పోయిన ఏడాదికి, ఒంటరిగా సైకిలెక్కి వర్ని బాటలో ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్లాను.

"యాదికున్నది సారూ. ఎండల అచ్చి వానల పోయిండ్రు."

"ఆ వానల తడిసే మంచం పట్టింది. ఎండ చూసి మోసపోయి తీసుకొచ్చిన. నేనే చంపుకున్న."

"గట్లనకు. గా దినం నువ్వు సైకిల్‌కు గాలి కొట్టుకుంటుంటే, కొంగుల పడ్డ నెత్తురు నాకు సూపెట్టింది. ఆర్నెల్ల సంది గదే దగ్గంట."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దవాఖానల పండవెడ్తడు, గీ తిరుగుడు బందైతదన్నది. నాతోని ఒట్టేయించుకున్నది. గింత చదివినవ్, కొంగు సూడకపోతివి."

"చూడలే, అవ్వా."

"మల్ల మబ్బు పట్టింది. ఇయ్యాల ఈడనే పండు."

గొంగడి పరిచి, ఆమె తడక తలుపు మెల్లగా మూసింది.